మెనూలో లేని గది

బందరు పరాసుపేటలో సాల్మన్ రాజు ఉండే అద్దె ఇంట్లో తెల్లవారగానే జరిగే మొదటి పని మెనూ చూసుకోవడం. పాలప్యాకెట్ తెచ్చి అత్తగారి చేతికిచ్చి, హాల్లో మంచం మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరుస్తాడు. వెబ్‌సైట్ పైన వరసగా పేర్లుంటాయి: ఫ్రాక్స్, కొలతలు, సంప్రదించండి, నా గురించి. అన్నీ నిన్నటిలాగే ఉంటే లేచి గుమ్మాలు తుడుస్తాడు. ఏదైనా అటూ ఇటూ అయితే ముందు దాన్ని సరిచేసి, ఆ తర్వాతే గుడ్డ తడుపుతాడు. మెనూలో ఎన్ని పేర్లుంటే హాల్లో అన్ని గుమ్మాలుంటాయి మరి. లేని గుమ్మాన్ని ఎవరు మాత్రం తుడుస్తారు!

ఇదేమీ వాళ్లింటికే వచ్చిన వింత కాదు. బందర్లో ఇంట్లోంచి వ్యాపారం చేస్తూ వెబ్‌సైట్ పెట్టుకున్న వాళ్లందరికీ ఇంతే. ఎదురింటి హల్వా వాళ్లు 'మా ప్రత్యేకతలు' అని ఒక పేజీ చేర్చిన రోజు వాళ్ల వంటింటి గోడకి గుమ్మం లేచింది. పొయ్యి తీసి పెరట్లో పెట్టుకున్నారు తప్ప ఎవరితోనూ గొడవ పడలేదు.

సాల్మన్ రాజుకి ఈ వెబ్‌సైట్ భార్య సుప్రియ నుంచి వచ్చింది. ఆమె పెడన వెళ్లి అద్దకం గుడ్డ తెచ్చుకుని ఆడపిల్లలకి ఫ్రాకులు కుట్టి అమ్మేది. నిరుడు కాక అంతకుముందు వానాకాలంలో జ్వరమని ఆస్పత్రికి వెళ్లిన మనిషి మరి తిరిగి రాలేదు. కాలేజీ ఆఫీసులో ఫైళ్లు తిప్పడం తప్ప ఏమీ తెలియని సాల్మన్ రాజు సైట్ మూసేద్దామనుకున్నాడు. అత్తగారు సంతోషమ్మ ఒప్పుకోలేదు. కూతురి చావుకి నాగాయలంక నుంచి వచ్చిన మనిషి ఆ కుట్టుమిషన్ దగ్గరే ఉండిపోయింది. కుట్టే పని తను చూసుకుంటానని, కంప్యూటర్ సంగతి అల్లుణ్ణి నేర్చుకోమని చెప్పింది.

అలా అతను కోనేరు సెంటర్లో మేఘన నడిపే క్లాసులో చేరాడు. సుప్రియకి నేర్పింది కూడా ఆవిడే. డిగ్రీ పిల్లల మధ్య, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటూ కూర్చునేవాడు. మొదటిరోజే మేఘన ఒక మాట చెప్పింది.

"పేజీ వేరు, మెనూ వేరు అన్నయ్యగారూ. పేజీ అంటే గది, మెనూలో పేరు అంటే దాని గుమ్మం. కొత్తగా నేర్చుకునేవాళ్లందరూ తికమకపడేది ఇక్కడే. మెనూలోంచి తీసేస్తే పేజీ పోయిందనుకుంటారు. పోదండీ. దారే పోతుంది."

అర్థమైందని తలూపాడు గానీ అర్థం కాలేదు. ఇంటికొచ్చి సైట్‌లో ఎన్ని పేజీలు కనబడితే అన్నిటికీ టిక్కులు పెట్టి మెనూలో పడేశాడు. తెల్లారేసరికి హాలు నిండా గుమ్మాలే. బీరువా పెట్టుకోను గోడ లేదు. 'శాంపిల్ పేజీ' అనే గుమ్మం వెనక ఖాళీ గది దొరికిందని సంతోషమ్మ సంబరపడి, అందులో బియ్యం బస్తా వేసి, పచ్చి అరటిగెల వేలాడదీసింది. మెనూలో అన్ని పేర్లుంటే వచ్చినవాళ్లకి దారి తెలియదని మేఘన కోప్పడితే, పనికిరానివి ఒక్కొక్కటే తీసేశాడు. బస్తాతో సహా ఆ గది గోడలోకి వెళ్లిపోయింది. రెండో రోజు మళ్లీ టిక్కు పెట్టి గుమ్మం తెప్పించి బియ్యం బయటికి మోసుకున్నారు. పేజీ పోదన్న సంగతి అతనికి అప్పుడు బోధపడింది. అరటిగెల మాత్రం అక్కడే ఉంచి చాలా రోజులు చూశారు. పండలేదు. పేజీలో రోజు మారదని, రాసిన రోజు దగ్గరే ఆగి ఉంటుందని సంతోషమ్మే కనిపెట్టింది. కనిపెట్టి, గెల తెచ్చి వంటింట్లో మాగవేసింది.

ఇక 'నా గురించి' గది. అందులో సుప్రియ ఉంటుంది.

బతికున్నప్పుడు ఇంట్లో అదొక నవ్వులాట. ఎవరైనా వచ్చి నీ సంగతులేంటమ్మా అంటే, చేతిలో పని ఆపకుండా ఆ గది చూపించేది. లోపల ఇంకో సుప్రియ ఆకుపచ్చ చుడీదార్లో కుట్టుమిషన్ ముందు కూర్చుని, పేజీలో రాసుకున్న మాటలు చెప్పేది. ఇప్పుడు ఆ ఒక్క సుప్రియే మిగిలింది. సాల్మన్ రాజు ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విప్పి అందులోకి వెళ్తాడు.

"నమస్తే అండీ, నేను సుప్రియ. మాది నాగాయలంక. మా అమ్మ దగ్గరే కుట్టుపని నేర్చుకున్నాను. పెడన గుడ్డ మీద అద్దిన నెమళ్లంటే నాకు చిన్నప్పట్నుంచీ ఇష్టం. మా పాప కెజియాకి ఆరేళ్లు. అది వేసుకుని గిర్రున తిరిగి చూపిస్తే గానీ ఏ ఫ్రాకూ అమ్మకానికి పెట్టను."

ఆ మాట రాగానే, అప్పటికే లోపలున్న కూతురు కెజియా గిర్రున తిరుగుతుంది. తిరిగి, తలుపు దాటి హాల్లోకి పరిగెత్తి, మళ్లీ లోపలికొస్తుంది. కొత్త మనిషి వచ్చినట్టు సుప్రియ మళ్లీ నమస్తే దగ్గర మొదలుపెడుతుంది. బడి నుంచి రాగానే వెళ్లిన పిల్ల అన్నానికి పిలిచేదాకా అదే ఆట. సెలవుల్లో అయితే పొద్దుటినుంచీ అక్కడే. హోంవర్కు అక్కడే, నిద్ర కూడా ఒక్కోసారి అమ్మ ఒళ్లోనే.

సంతోషమ్మ ఆ గదిలోకి ఒక్కసారే వెళ్లింది. మా అమ్మ దగ్గరే నేర్చుకున్నాను అన్న మాట విని, కళ్లు తుడుచుకుని వచ్చేసింది. ఆ ఒక్క మాట తనకి చాలంది. మళ్లీ గుమ్మం తొక్కలేదు.

సాల్మన్ రాజుకి చాల్లేదు. ఒకసారి దొంగలా పేజీ తెరిచి ఎడిట్ నొక్కి, మొదట్లో 'ఏమండీ, భోంచేశారా' అని చేర్చాడు. లోపలికి వెళ్తే సుప్రియ తలెత్తి, అదే గొంతుతో, ఏమండీ భోంచేశారా అని అడిగింది. సుప్రియ ఏనాడూ అలా అడిగిన మనిషి కాదు. కంచం ముందు పెట్టి, తింటారా చల్లారాక తింటారా అని కసిరేది. తన మాటలు తనే ఆమె నోట పెట్టి వింటున్నానని సిగ్గేసి, వెళ్లి ఆ ముక్క చెరిపేశాడు. మళ్లీ ఆ పేజీ మీద చెయ్యి వెయ్యలేదు.

ఇలా సాగిపోయేదే. ఇంటావిడ సత్యవతమ్మగారి వాస్తు లేకపోతే సాగేదే. ఆవిడ భర్త హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి పోయారు. ఆవిడ పక్క వాటాలో ఉంటారు. మెనూలో చివరి పేరు గుమ్మం హాల్లో నైరుతి మూలకొస్తుందని ఆవిడ చాలాకాలంగా చూస్తున్నారు. అద్దెకున్నది క్రైస్తవులైనా ఇల్లు తనది కదా. చివరికి ఒక శనివారం సాయంత్రం వచ్చి కూర్చున్నారు.

"నైరుతిలో ఆ గుమ్మం మంచిది కాదు నాయనా. మీ నమ్మకం మీది, కాదనను. కానీ ఆ పిల్ల ముఖం చూస్తున్నాను, కళ లేదు. ఆ పేరొక్కటీ కాస్త ముందుకి జరుపు, నాకు నిద్ర పడుతుంది."

పెద్దావిడ మాట తీసెయ్యలేక సరే పిన్నిగారూ అన్నాడు. మెనూ తెరిచి 'నా గురించి' అన్న పేరు పట్టుకుని, 'సంప్రదించండి' దాటించి పైకి లాగి, 'కొలతలు' కింద వదిలాడు. సేవ్ నొక్కాడు. నైరుతి మూల గుమ్మం పోయింది. కానీ వరసలో ఎక్కడా కొత్త గుమ్మం రాలేదు.

కెజియా అప్పుడే ట్యూషన్ నుంచి వచ్చింది. గోడ చూసి అరవలేదు. అరచేతులతో గోడంతా తడుముకుంటూ మూల నుంచి మూలకి నడిచింది. సాల్మన్ రాజు మేఘనకి ఫోన్ చేస్తే ఆవిడ తేలిగ్గా నవ్వేసింది. కిందకి వదిలేటప్పుడు పేరు కాస్త కుడికి జరిగి ఉంటుందని, అలా జరిగితే అది పై పేరుకి లోపలి పేరైపోతుందని చెప్పింది. ఇప్పుడా గదికి దారి కొలతల గదిలోంచి ఉంటుంది, కంగారు పడకండి, ఎడమకి లాగితే మామూలే అంది.

కొలతల గదిలోకి సాల్మన్ రాజు ఎప్పుడోగానీ వెళ్లడు. అక్కడ గోడ మీద కెజియా నిలువెత్తు ఫోటో ఉంటుంది, ఆరేళ్ల పిల్లకి పొడవెంత, భుజమెంత, నడుమెంత అని గీతలతో. సుప్రియ ఆ పేజీ, తన పేజీ ఒకే వారంలో చేసింది. ఆ ఫోటో పక్కనే ఇప్పుడు లోపలి గుమ్మం తెరుచుకుని ఉంది. కెజియా తండ్రి చెయ్యి విడిపించుకుని అటు పరిగెత్తి, గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగింది. ఆగింది సరిగ్గా ఫోటో పక్కన.

రెండు తలలూ ఒకే గీత మీద ఉన్నాయి. భుజాలు కూడా. ఫోటోలో వేసుకున్న నెమలి ఫ్రాకే ఇప్పుడూ వేసుకుని ఉంది, అంచు అదే చోట మోకాలిని తాకుతోంది.

కెజియాకి మొన్న ఈస్టర్ వెళ్లాక ఎనిమిదేళ్లు నిండాయి. యూనిఫాం కొత్తది కొనక్కర్లేదని అనుకున్నప్పుడు గుడ్డ గట్టిదనుకున్నాడు. బూట్లు ఇంకా సరిపోతుంటే అదృష్టమనుకున్నాడు. తల్లి లేని బెంగతో ఒళ్లు చెయ్యడం లేదని సంతోషమ్మ అంటే నిజమే అనుకున్నాడు. అతనికి ఇప్పుడు శాంపిల్ పేజీ గదిలో ఎన్నాళ్లున్నా పండని అరటిగెల గుర్తొచ్చింది. గుర్తొచ్చి ఆ గదిలోనే నేలమీద కూర్చుండిపోయాడు.

రాత్రి అన్నాల దగ్గర సంతోషమ్మకి చెప్పాడు. ఆ పిల్లని అటు వెళ్లనివ్వకుండా పట్టుకోలేమా అని తనే అడిగాడు. తను ఆఫీసులో ఉంటాడు, ఆవిడ మిషన్ మీద ఉంటుంది, ఆ గుమ్మాలకి గడియలు బిగించినా పొద్దుటికి ఉండవు. అది ఇద్దరికీ తెలుసు.

"నేను కన్నదాన్ని బాబూ," అంది సంతోషమ్మ చివరికి. "నా బిడ్డ మొహం ఆ ఒక్క గదిలోనే ఉంది. అయినా చెప్తున్నాను. చచ్చిపోయినదాన్ని చూసుకుంటూ బతికున్నదాన్ని పోగొట్టుకోకండి."

మర్నాడు ఆదివారం. చర్చిలో పాస్టరుగారు ఏం చెప్పారో అతని తలకెక్కలేదు. ఇంటికొచ్చి, కెజియా చెయ్యి పట్టుకుని కొలతల గది దాటి లోపలికి వెళ్లాడు. సుప్రియ నమస్తే అండీ అంది. కెజియా ఒళ్లోకి ఎక్కి కూర్చుంది. నాగాయలంక అయింది, అమ్మ అయింది, నెమళ్లు అయ్యాయి.

"మా పాప కెజియాకి ఆరేళ్లు."

"ఎనిమిది సుప్రియా," అన్నాడు సాల్మన్ రాజు. ఆమెకి వినబడదని తెలుసు. అయినా అనకుండా ఉండలేకపోయాడు.

ఫ్రాకు మాట రాగానే కెజియా దిగి గిర్రున తిరిగి తలుపు వైపు పరిగెత్తబోయింది. అతను చెయ్యి పట్టుకుని ఆపాడు. పిల్ల గింజుకుంది, వదలమని ఏడ్చింది. అతను వదల్లేదు. ఇన్నాళ్లూ కెజియా పరుగుతో మాటలు మళ్లీ నమస్తే దగ్గరికే వచ్చేవి కాబట్టి ఆ పేజీలో తర్వాత ఏముందో అతనికీ గుర్తులేదు. సుప్రియ దారం తెంపి, మిషన్ మీద నుంచి చేతులు తీసి, వాళ్లిద్దరి వైపు తిరిగింది.

"పిల్లలు ఎదిగేవాళ్లు కదండీ, అందుకే కొలత కాస్త వదులుగానే ఇవ్వండి. ఈ ఏడు సరిపోయింది పై ఏటికి సరిపోకపోతేనే మనకి సంతోషం. ఇంతసేపు నా మాటలు విన్నారు, చాలా థాంక్స్ అండీ. నా గురించి ఇంతే. ఇక వెళ్లి ఫ్రాకులు చూసుకోండి."

చెప్పి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు కూడా పేజీ చివర ఉన్న ఫోటోలో నవ్వే. తర్వాత ఇంకేమీ అనలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె బతికున్నప్పుడు కూడా అలా పని లేకుండా కూర్చోగా అతను చూడలేదు. సాల్మన్ రాజుకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"అమ్మ వెళ్లమంటోంది నాన్నా," అంది కెజియా.

బయటికొచ్చి మంచం మీద కూర్చున్నారు. అతను ల్యాప్‌టాప్ తెరిచి, ఏం చెయ్యబోతున్నాడో పిల్లకి దాచకుండా చెప్పాడు. ఎందుకో కూడా చెప్పాడు. కెజియా మెనూలో ఆ పేరు వైపు చూస్తూ అడిగింది.

"అమ్మ పోతుందా?"

"పోదమ్మా. గుమ్మం పోతుంది."

"అయితే లోపల ఒక్కతే ఉంటుందా? చీకట్లో?"

"చీకటి ఉండదు. అమ్మకి ఎప్పుడూ ఆ పేజీ రాసిన రోజు పగలే."

పోనీ నేను నొక్కనా అంది కెజియా. వద్దన్నాడు. ఆ బరువు పిల్ల వేలి మీద పెట్టకూడదని అతనికి తోచింది. పేరు పక్కన తీసెయ్యి అన్న చోట నొక్కాడు. పేరు పోయింది. కింద సేవ్ అన్న బటన్ మీద వేలు పెట్టి చాలాసేపు ఉన్నాడు. సేవ్ కాకపోతే ఏదీ జరగనట్టే. మూసేసి లేస్తే ఆ గుమ్మం రేపు కూడా ఉంటుంది. లోపల్నుంచి వస్తున్న సంతోషమ్మ మిషన్ చప్పుడు ఆగిపోయింది. ఆవిడ గుమ్మంలోకి రాలేదు, పిలవలేదు. అతను నొక్కాడు.

కొలతల గదిలో ఫోటో పక్కన ఉత్త గోడ మిగిలింది. సున్నం కూడా ఆరిపోయి పాతగోడలాగే ఉంది.

ఆ వారమంతా కెజియా తండ్రితో మాట్లాడలేదు. అన్నం అమ్మమ్మ కలిపితేనే తినేది. బడి నుంచి వచ్చి గోడకి వీపు ఆనించి కూర్చునేది. కొన్నాళ్లకి విసుగెత్తి వీధిలోకి వెళ్లి ఆడటం మొదలుపెట్టింది. సత్యవతమ్మగారు ఒకసారి వచ్చి నైరుతి మూల చూశారు. వాస్తు సంగతి ఎత్తలేదు. పిల్లకి పులిహోర ఇచ్చి, తల నిమిరి వెళ్లిపోయారు. సాల్మన్ రాజు ఒకటి రెండుసార్లు ఆ పేజీ అడ్రసు తెర మీద కొట్టి చూశాడు. ఫోటో, మాటలు కనిపించాయి. గది కాదు. తర్వాత కొట్టడం మానేశాడు.

వేసవి సెలవులయ్యాయి. బళ్లు తెరిచిన వారంలో, ఒక సాయంత్రం కెజియా సంచీ గడపలోనే పడేసి వచ్చింది. మొహం కందిపోయి ఉంది. ఎవరైనా కొట్టారా అంటే లేదని తల అడ్డంగా ఊపింది. అప్పుడు చెప్పింది. బళ్లో ప్రేయర్‌కి ఎత్తుల వరసలో నిలబెడతారు. ఇన్నాళ్లూ అందరికన్నా ముందు తనే. ఈ రోజు టీచర్ తనని భుజం పట్టుకుని, ఇద్దరు పిల్లల వెనక్కి జరిపింది.

సాల్మన్ రాజు గుండె ఒక్కసారి తేలికైంది. మంచిదే కదమ్మా అన్నాడు. పిల్ల అతని మొహం వైపు చూసి, అప్పుడు ఏడ్చింది.

"నేను ఇలాగే పెరిగిపోతే అమ్మ నన్ను గుర్తుపట్టదు నాన్నా."

లేదు, గుర్తుపడుతుంది అని చెబుదామని నోరు తెరిచాడు. ఆ పేజీలో ఆరేళ్ల పాప తప్ప ఇంకెవరూ లేరు. పిల్లని దగ్గరికి లాక్కుని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. కెజియా వెక్కి వెక్కి ఏడుస్తూనే ఉంది. కాసేపటికి అతని కాలు తిమ్మిరెక్కింది. ఈ పిల్లని ఒళ్లో పెట్టుకుంటే కాలు తిమ్మిరెక్కడం అతనికి ఇదే మొదలు. కదిలితే దిగిపోతుందేమోనని, దీపాలు పెట్టేవేళ దాకా అలాగే కూర్చున్నాడు.